ఖాళీ గది లేని ఇల్లు

నల్లాలో నీళ్ళు రోజు విడిచి రోజు వస్తాయి. వచ్చిన రోజు అఖిల ఎవరి మాటా వినిపించుకోదు. బిందెలు, బకెట్లు, డ్రమ్ము, చివరికి ఖాళీగా కనిపించిన పప్పు కుక్కరుతో సహా నింపిగానీ నడుం ఎత్తదు. ఆ గురువారం పొద్దున కూడా పైపు పట్టుకుని అదే హడావుడిలో ఉంటే, లోపల ఫోను మోగింది.

"బాపు మెసేజి పెట్టిండు. ఇయ్యాల్నే చెప్పాల్నట" అని తొమ్మిదేళ్ళ నితీష్ లోపల్నుంచి కేక పెట్టాడు.

అఖిల భర్త సాయిరాం మస్కట్ వెళ్ళి ఎనిమిదేళ్ళయింది. ఏసీ మెకానిక్‌గా చేరి సూపర్‌వైజర్ అయ్యాడు. ఇన్నాళ్ళకు భార్యాపిల్లల్ని తెచ్చుకునే వీలు కల్పించింది కంపెనీ. ఏప్రిల్‌లో అక్కడ బడులు తెరుస్తారు. ఆలోగా ఇల్లు చూసుకోవాలి. పోయిన ఆదివారం మూడు ఇళ్ళ వీడియోలు పంపాడు. రేపు శుక్రవారం, అతనికి సెలవు. ఏదో ఒక ఓనరుకు మాట ఇచ్చేయాలి. ఏ ఇల్లన్నది మీరే తేల్చండన్నాడు.

మొదటిది పెద్దది. రెండు పడకగదులు, పొడుగాటి హాలు, కానీ బడికి బస్సులో ముప్పావుగంట. రెండోదానికి లిఫ్టు ఉంది, కిందనే దుకాణాలున్నాయి, కిటికీ తెరిస్తే మాత్రం ఎదుటివాళ్ళ గోడ. మూడోది మరీ చిన్నది. ఒక గది, ఒక హాలు, మనిషి తిరగడానికి సరిపోయే వంటిల్లు. మూడంతస్తులు మెట్లెక్కాలి. రోడ్డు దాటితే బడి.

"మొదటిదే. హాలుల క్రికెట్ ఆడొచ్చు" అన్నాడు నితీష్, బూట్లు వెతుక్కుంటూ. వాడి బూట్లు ఏ రోజూ పెట్టినచోట ఉండవు.

"బస్సుల ముప్పావుగంట ఎట్ల పోతవురా? బోధన్ పోయేలోపట్నే వాంతులతోని రెండు కవర్లు నింపుతవు" అంది స్నేహలత. పన్నెండేళ్ళ పిల్ల. పెద్ద ఆరిందాలా పెన్సిలు చెవి వెనక పెట్టుకుని, ఒళ్ళో నోటుబుక్కుతో నాలుగు రోజులుగా ఆ వీడియోలనే తిప్పితిప్పి చూస్తోంది. "చిన్నదే మంచిగుందమ్మా. బాపుకు గదే చెప్పు."

"నీకేమన్న పిచ్చా? అది అగ్గిపెట్టె లెక్కుంది" అని నితీష్ మండిపడ్డాడు.

అఖిల పైపు మడత సరిచేస్తున్నట్టు అటు తిరిగింది. ఆ పిల్ల ఇల్లు ఎంచుతున్నప్పుడల్లా ఆమెకు ముఖం ఎక్కడ పెట్టుకోవాలో తెలియడం లేదు. ఎందుకంటే స్నేహలత మస్కట్ పోవడం లేదు. పోయేది అఖిల, నితీష్. ఆ సంగతి పిల్లకు చెప్పే ధైర్యం పది రోజులుగా ఇంట్లో ఎవరికీ చాలలేదు.

స్నేహలత అఖిల కడుపున పుట్టిన పిల్ల కాదు. సాయిరాం అన్న రామ్‌దాస్ కూతురు. పదకొండేళ్ళ కింద రామ్‌దాస్, అతని భార్య పుష్పలత బోధన్ నుంచి బండి మీద ఇంటికి వస్తూ, దారిలో ఆగి ఉన్న చెరుకు ట్రాలీని చీకట్లో చూసుకోలేదు. ఏడాది పిల్ల ఆ రోజు ఇంట్లో నానమ్మ దగ్గర ఉండబట్టి మిగిలింది. దినాలు అయిన మర్నాడు ఊళ్ళో పెద్దమనుషులు కూర్చుని, కొత్త కోడలు అఖిలను చాప మీద కూర్చోబెట్టి, ఆమె కొంగులో తలా పిడికెడు బియ్యం పోశారు. ఆ బియ్యం మీద పిల్లను కూర్చోబెట్టింది అత్త దేవవ్వ. "ఇగ ఇది నీ బిడ్డ" అంది. జరిగిన దత్తత అంతే. కాగితం సంగతి ఎవరికీ తట్టలేదు. నలుగురి ముందు ఒడిలో పెట్టాక కాగితం ఎందుకు?

కానీ మస్కట్ వాళ్ళకు ఒడి బియ్యం సంగతి ఏం తెలుస్తుంది? వాళ్ళకు కాగితమే కావాలి. స్నేహలత కాగితాలన్నిటిలో తండ్రి రామ్‌దాస్, తల్లి పుష్పలత. సొంత పిల్లలకైతే వీసా ఇస్తామన్నారు, అన్న బిడ్డకు కుదరదన్నారు. "ముందు మీరిద్దరు రాండ్రి అఖిలా. స్నేహ సంగతి వచ్చే ఏడు సూద్దాం. ఈ మౌకా పోతే మల్ల ఇయ్యరు" అన్నాడు సాయిరాం. నిజామాబాద్‌లోని ఈ ఇల్లు ఖాళీ చేసి, దేవవ్వ స్నేహలతను తీసుకుని బోధన్ పక్కన ఉన్న ఊరికి వెళ్ళిపోయేట్టు ఏర్పాటు.

పిల్లలు ఆటో ఎక్కారు. ఒంటిపూట బడి, పన్నెండున్నరకు మళ్ళీ వస్తారు. అఖిల పైపు చుట్టి గోడకు తగిలించి, వాకిట్లో చింతపండు గింజలు తీస్తున్న అత్త ఎదురుగా వచ్చి కూర్చుంది.

"అత్తమ్మా, వకీలు చెప్పిన సంగతి జర ఆలోచించరాదు?"

దేవవ్వ తల ఎత్తలేదు. "ఏ సంగతి?"

"ఎరుకలేనట్టు అడుగుతవేంది? స్నేహను దత్తత తీస్కున్నట్టు కోర్టుల రాయించుకునేది. నాయినమ్మవు నువ్వు ఒప్పుకొని ఏలుముద్ర ఎయ్యాల్నట."

"ఏస్తే ఏమైతది?"

"తండ్రి పేరు కాడ నీ చిన్నకొడుకు పేరు వస్తది. గప్పుడు మాతోని తోలుకపోవచ్చు."

"మరి నా పెద్దకొడుకు పేరు?"

దేవవ్వ గింజ తీసి పళ్ళెంలో వేసి, చేతులు కొంగుకు తుడుచుకుంది.

"రేషన్ కార్డుల లేడు. ఓటు లిస్టుల లేడు. మీ మామ పోయినంక పొలం నీ మొగని పేరు మీదికి ఎక్కె. నా రామ్‌దాసు ఈ భూమ్మీద ఉండె అని చెప్పేటందుకు ఆ పిల్ల పేరు పక్కన ఒక్క ముక్క ఉన్నది. గదిగూడ కొట్టేస్తా అంటవా?"

"సచ్చిపోయినోళ్ళ పేరు కోసం బతికున్న పిల్లను ఇడిసిపెట్టి పొమ్మంటవా అత్తమ్మా?"

అనేశాక అఖిల నాలుక కరుచుకుంది. దేవవ్వ ముఖంలో రంగు మారింది. ఆమె కోపంగా అరిచి ఉంటే బాగుండేది, కానీ అరవలేదు.

"పొమ్మన్ననా నేను? టికెట్లు సూసుకునేది నువ్వు. సూటుకేసు కొన్నది నువ్వు. నా మీద ఎందుకేస్తవు?" అంది నెమ్మదిగా. "నాకు అక్షరం ముక్క రాదు బిడ్డా. బడిల ఫారం నింపిన దినం కలం పట్టింది ఎవరు? సాయిరాం తన పేరే రాయమన్నడు. నేను వద్దన్న. నేను వద్దంటే నువ్వు ఏ పని ఆపినవు? కుట్టుమిషన్ వద్దన్న, తెచ్చినవు. ఊరు ఇడిసి నిజామాబాద్ వద్దన్న, వచ్చినవు. గీ ఒక్కదాన్ల నా మాట ఎందుకు ఇన్నవు?"

అఖిల దగ్గర జవాబు ఉంది. అది బయటికి చెప్పేది కాదు.

ఆ రోజు బడి ఆఫీసు గదిలో ఆమె ఒళ్ళో ఆరునెలల నితీష్ ఉన్నాడు. పక్కన స్నేహ, రెండు జడలు వేసుకుని, ఆమె కొంగు పట్టుకుని నిలబడింది. ఫారంలో తండ్రి పేరు దగ్గర కలం ఆగింది. అత్త అడ్డం చెప్పింది నిజమే. కానీ ఆ మాట చెవిన పడగానే అఖిల మనసు ఒక్క క్షణం తేలికపడింది. నా కొడుకు నా కొడుకే, ఈ పిల్ల వాళ్ళ పిల్ల, ఎప్పటికైనా లెక్క వేరుగా ఉండడమే మంచిది అనిపించింది. ఒక్క క్షణమే. ఆ క్షణంలోనే రెండు పేర్లు రాసేసింది. ఆ తర్వాత ఆ పిల్లకు జ్వరమొస్తే తెల్లవార్లూ కూర్చుంది, ముద్దలు కలిపి పెట్టింది, పేలు చూసింది, ఎవరైనా "మీ బావ బిడ్డనా?" అని అడిగితే "నా బిడ్డ" అని కసిరింది. కానీ కాగితం మీద ఆ ఒక్క క్షణమే మిగిలింది.

పన్నెండున్నర దాటాక పిల్లలు వచ్చారు. నితీష్ సంచీ విసిరేసి పక్కింటికి పరిగెత్తాడు. స్నేహలత చేతులు కడుక్కుని, కంచం పెట్టుకుని వంటింటి గడప దగ్గర కూర్చుంది. అఖిల ఆమె సంచీలోంచి టిఫిన్ డబ్బా తీస్తుంటే, నోటుబుక్కు జారి కింద పడి తెరుచుకుంది.

మూడో ఇంటి బొమ్మ. చిన్న ఇల్లు. స్కేలు పెట్టి గోడలు గీసింది, తలుపులు, కిటికీలు గుర్తుపెట్టింది. లోపల ముత్యాల్లాంటి అక్షరాలు. "అమ్మ మిషన్ ఇక్కడ. పొద్దున ఎండ పడుతది." "నితీష్ మంచం గోడ దిక్కు. ఏసీ కింద వద్దు, జలుబు చేస్తది." "బూట్లు తలుపు వెనకనే, లేకపోతే దొరకవు." "ఈ కిటికీల నుంచి సూస్తే బడి గేటు కనవడ్తది. నితీష్ లోపలికి పోయేదాక అమ్మ సూడొచ్చు." "బాపు వచ్చేసరికి రాత్రి అయితది. అన్నం ఇక్కడ మూత పెట్టాలె."

అఖిల ఆ పేజీ అంతా వెతికింది. వెనక పేజీ తిప్పింది. మళ్ళీ ముందుకు తిప్పింది.

"నీ మంచం ఏది బిడ్డా? మర్సిపోయినవా?"

స్నేహలత పప్పన్నం కలుపుతూనే ఉంది. "మర్సిపోలే. నేను వస్తలేను గద."

అఖిల డబ్బా కింద పెట్టింది. "ఎవలు చెప్పిండ్రు నీకు?"

"బాపే చెప్పిండు. నాయినమ్మకు ఫోను నొక్కరాదు గదమ్మా. బాపు మెసేజులు ఆమెకు వినిపిచ్చేది నేనే. స్నేహకు వీసా రాదంట అవ్వా, నువ్వు దాన్ని ఊరికి తోల్కపో అని పెట్టిండు. నేను మొదలు విన్న. ఇగ నాయినమ్మకు వినిపియ్యకుంట, బాపు ఏందో పంపిండు సూడు అని నీకిచ్చిన. నువ్వు బాత్‌రూములకు పోయి విని, చాన సేపు బయటికి రాలే."

పది రోజుల కిందటి మాట అది. అంటే పది రోజులుగా ఈ పిల్లకు తెలుసు. తెలిసి, పొద్దున పొద్దున్నే ఆ వీడియోలు చూసింది. తెలిసి, నితీష్‌తో కొట్లాడింది. పెద్దవాళ్ళంతా ముఖాలు చాటేసి తిరుగుతుంటే, ఈ పిల్ల వాళ్ళు ఉండబోయే ఇంట్లో మిషన్‌కు వెలుతురు ఎటునుంచి వస్తుందో చూసిపెట్టింది.

"మరి పెద్దది వద్దని ఎందుకు పట్టుపట్టినవు?" అంది అఖిల.

"బస్సుల వానికి వాంతులైతయి." స్నేహలత ఇంకో ముద్ద కలిపింది. "ఇంకోటి గూడ ఉన్నది. పెద్దది తీస్కుంటే ఒక రూము ఖాళీగ ఉంటది. దాన్ని సూసినప్పుడల్లా నువ్వు ఏడుస్తవు. చిన్నదాన్ల అయితే జాగనే లేదు గద. స్నేహ వచ్చినా ఏడ పండేది అనుకుంటవు."

అఖిల ఆమె ఎదురుగా కింద కూర్చుంది. ఇంత జరిగాక తప్పు అత్త మీదికి నెట్టడం ఆమెకు చేతకాలేదు.

"నీ కాగితాల మీద ఆ పేర్లు నేనే రాసిన బిడ్డా. అందరు నాయినమ్మ అంటరు. కలం పట్టింది నేను. మీ బాపు తన పేరే రాయమన్నడు. గప్పుడు నితీషు నా ఒళ్ళున్నడు. నిన్ను వేరుచేసి రాసిన. తెలిసే రాసిన."

స్నేహలత చెయ్యి కంచంలో ఆగిపోయింది.

"నువ్వు రాసినవా?"

అంతే అంది. వీసా రాదని తెలిసిన రోజు ఏడవని పిల్ల, పది రోజులు నవ్వుతూ తిరిగిన పిల్ల, అప్పుడు ఏడ్చింది. నోట్లో ముద్ద అలాగే ఉంది, మింగలేక, ఉమ్మలేక ఏడ్చింది. అఖిల దగ్గరికి జరిగితే భుజంతో తోసేసింది. ఆ తోపు అఖిలకు న్యాయంగానే తోచింది. అందుకే మళ్ళీ దగ్గరికి వెళ్ళడానికి భయపడి అక్కడే కూర్చుంది.

వాకిట్లోంచి దేవవ్వ ఎప్పుడు వచ్చిందో, గడపలో నిలబడి ఉంది. చేతులకు చింతపండు అంటుకుని ఉంది.

"దాని మాట నమ్మకు బిడ్డా" అంది. "నేనే రాయిపిచ్చిన. రాయకపోతే బాయిల దుంకుతనని బెదిరిచ్చిన. అత్త మాట తీసెయ్యలేక రాసింది మీ అమ్మ. ఇప్పుడు నన్ను కాపాడుతనికి తన మీద ఏసుకుంటున్నది."

అఖిల విస్తుపోయి చూసింది. పొద్దున అదే నోటితో అన్న మాటలు ఇంకా ఆమె చెవుల్లోనే ఉన్నాయి. బావి మాట ఏనాడూ లేదు. దేవవ్వ అటు చూడలేదు. మోకాళ్ళ నొప్పితో మూలుగుతూ కింద కూర్చుని, మనవరాలి తల తన ఒళ్ళోకి లాక్కుంది. పిల్ల ఈసారి తోసేయలేదు.

"అఖిలా, వకీలుకు ఫోను చెయ్యి. ఏలుముద్ర ఏడ ఎయ్యాల్నో అడుగు."

"మరి బావ పేరు?"

"కాగితం మీద పోతే పోనియ్యి. నా నోట్ల ఉన్నది గద. నేను సచ్చేదాక పిలుస్త." దేవవ్వ స్నేహలత జుట్టు సవరించింది. "పోరి నవ్వితే వాని లెక్కనే ఉంటది. దాన్నెవలు కొట్టేస్తరు?"

కాసేపటికి స్నేహలత లేచి నోరు కడుక్కుంది. తిరిగి వచ్చి, అఖిలకు ఎదురుగా కాదు, పక్కన కూర్చుంది. కొంగు చివర పట్టుకుని వేలికి చుట్టుకుంది. చిన్నప్పుడు బడి ఆఫీసులో నిలబడ్డప్పుడు కూడా అదే కొంగు, అలాగే పట్టుకుంది.

రెండు గంటలకు సాయిరాం ఫోన్ చేశాడు. వాళ్ళకు అది భోజనం వేళ. వెనక నలుగురైదుగురు మాట్లాడుకుంటున్నారు, గిన్నెల చప్పుడు.

"ఏ ఇల్లు అనుకున్నరు? రేపు పొద్దుగాల చెప్పాలె."

"మూడిటికీ వద్దని చెప్పు" అంది అఖిల. "అవ్వ ఒప్పుకున్నది. కోర్టుల ఏస్తున్నం. ఏడాది పట్టొచ్చు, రెండేండ్లు పట్టొచ్చు అన్నడు వకీలు. అందాక మేం రాము. వస్తే నలుగురం, లేకపోతే లేదు."

వెనక గిన్నెల చప్పుడు తగ్గింది. అతను బయటికి నడిచినట్టున్నాడు.

"ఈ మౌకా మల్ల ఇస్తరో లేదో అఖిలా."

"ఎరుకనే."

"నిన్న నితీష్‌గానికి బూట్లు కొన్న. నీ దగ్గర సైజు అడిగిన గద. తెల్లయి."

"ఎవలన్న వచ్చేటోళ్ళతోని పంపియ్యి."

"గప్పటికి పడ్తయా వానికి?"

అఖిల నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. ఈలోగా పక్కింటి నుంచి వచ్చిన నితీష్‌కు సంగతి అర్థమైంది. ఊహ తెలిశాక తండ్రిని నాలుగుసార్లే చూసిన పిల్లవాడు. వాడు క్రికెట్ మాట ఎత్తలేదు, పెద్ద ఇల్లు మాట ఎత్తలేదు. "నాకు బాపు గావాలె" అని మంచం కోడు పట్టుకుని వెక్కివెక్కి ఏడ్చాడు. వాడిని ఎత్తుకుని సముదాయించింది స్నేహలతే. మిగతావాళ్ళెవరికీ ఆ శక్తి లేదు.

"ఫోను స్నేహకియ్యి" అన్నాడు సాయిరాం.

ఆమె నితీష్‌ను ఒడిలో ఉంచుకునే ఫోను తీసుకుంది. "బాపు, తప్పు నాదే. నా వల్లనే..."

"ఊకో. గట్ల అనకు. తప్పు నీది గాదు, నాది. నీ పేరు కాడ నా పేరు నేను కొట్లాడి రాయించుకోవాల్సి ఉండె, రాయించుకోలే. ఒక్క మాట అడుగుత, నిజం చెప్పు. ఆ మూడిండ్లల్ల నీకేది నచ్చింది?"

"చిన్నది."

"నిజం చెప్పు బిడ్డా."

స్నేహలత నితీష్ తల మీద గడ్డం ఆనించింది.

"మొదటిది" అంది. "చిన్న రూములున్న కిటికీల నుంచి సముద్రం కనవడ్తది."

"సముద్రమా? వీడియో తీసిన నాకే కనవడలే. ఎనిమిదేండ్లాయె ఈడికొచ్చి, ఆ దిక్కు సూడనే లే నేను." డ్యూటీకి వేళయిందని సాయిరాం ఫోను పెట్టేశాడు.

"ఏడున్నదే సముద్రం?" అని అడిగింది దేవవ్వ.

స్నేహలత మొదటి వీడియో పెట్టింది. హాలు, వంటిల్లు, పెద్ద గది. ఆ తర్వాత చిన్న గది వచ్చింది, ఖాళీగా, గోడకు ఒక మేకు మాత్రమే ఉంది. కిటికీ దగ్గరికి రాగానే ఆమె వేలితో ఆపింది. రెండు మేడల మధ్య సన్నని నీలం గీత. రెండు లెక్కపెట్టేంతసేపు కూడా ఉండదు. నాలుగు రోజుల్లో ఆ వీడియో ఎన్నిసార్లు చూస్తే అది కంటపడుతుందో, అఖిల లెక్కవేయడానికి కూడా సాహసించలేదు. ఆ మేకుకు ఏం తగిలించుకుందామనుకుందో అని మాత్రం అనుకుంది.

శనివారానికల్లా ఆ ఇంట్లోకి ఇంకెవరో దిగుతారు. కూతుర్ని మధ్యలో కూర్చోబెట్టుకుని, అఖిల ఆ కిటికీని చూస్తూ ఉండిపోయింది. నితీష్ ముక్కు తుడుచుకుని, ఇంకోసారి మొదటినుంచి పెట్టమన్నాడు.